ఏడో అంకె

యూనివర్సిటీలోని ఆ గదిలో మనుషులను పేర్లతో పిలిచే అలవాటు పోయి చాలా ఏళ్ళయింది. ఎవరు ఏ అంకె తేల్చారో అదే వాళ్ళ పేరు. నాలుగో అంకె తేల్చినాయన ఇప్పుడు బీమా ఆఫీసులో ఉన్నాడు. ఐదో అంకె తేల్చినావిడ పెళ్ళి చేసుకుని బట్టలకొట్టు పెట్టింది. ఆరో అంకె మాత్రం ఎటూ పోకుండా అక్కడే లెక్చరరుగా కుదురుకుని, ఆ గదిని నడిపే ప్రొఫెసరు సారు తుమ్మబోతున్నాడంటే ముందే రుమాలు తీసేంత దగ్గరివాడయ్యాడు. ఆయన్ని అందరూ ఆరుగారు అంటారు. ఇక మిగిలింది ఏడు. ఆ ఏడే ఈమె.

"ఏడూ" అని సారు పిలిచినప్పుడల్లా ఆమెకు అది పిలుపులా కాక ఆజ్ఞలా వినిపించేది. మొదట్లో ఒకటి రెండుసార్లు పాటించింది కూడా.

ఇంతకీ ఆ అంకెలేమిటంటే, పావురాల గూళ్ళను ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు, మూడు వైపులా గూళ్ళే. చదువుకున్నవాళ్ళు దాన్ని జాలకం అంటారు. ప్రతి గూటికీ ఒక చీటీ తీస్తారు. చీటీ కలిసొస్తే గూడు తెరిచి ఉంటుంది, లేకపోతే మట్టి కొట్టి పూడ్చేస్తారు. అప్పుడు పైనుంచి నీళ్ళు పోస్తారు. తెరిచిన గూళ్ళు తక్కువైతే నీళ్ళు పైపైనే ఏదో మూల చిక్కుకుని నిలిచిపోతాయి. ఎక్కువైతే దారి చేసుకుని అడుగుదాకా దిగుతాయి. ఈ రెంటికీ నడుమ ఒక హద్దు ఉంది. మొత్తం గూళ్ళలో ఎన్నో వంతు తెరిచి ఉంటే నీళ్ళు దిగడం మొదలవుతుందో చెప్పే హద్దు. దాని పేరు ఇంకుడు గడప. దశాంశ బిందువు తరువాత ఒక్కొక్క అంకే తేల్చుకుంటూ ఆ గడప సరిగ్గా ఎక్కడుందో చెప్పడమే ఆ గది పని. నిజంగా గూళ్ళూ లేవు, మట్టీ లేదు. అంతా కంప్యూటరులోనే. ఆ గదిలో కంటికి కనబడే నీళ్ళంటే ఏసీ నుంచి బకెట్లోకి కారేవే.

మామూలు చదరపు గూళ్ళ దొంతర మీద లోకంలో చాలామంది పనిచేశారు. అక్కడ పోటీ ఎక్కువ, తప్పు పట్టేవాళ్ళు ఇంకా ఎక్కువ. అందుకని సారు కుర్రతనంలోనే తనకంటూ సొంతంగా ఒక దొంతర కట్టుకున్నాడు. ప్రతి వరసనూ కింది వరస మీద కాస్త ఎడమకు తిప్పి పెట్టి, దానికి ఎడమ మెలిక జాలకం అని పేరు పెట్టాడు. దాంతో ఎవరికీ ఏ అవసరమూ పడలేదు. ఆ జాలకం మీద నిపుణులెవరని అడిగితే ఈ గదిలోవాళ్ళే. దాని మీద వచ్చిన వ్యాసాలు చదివేదెవరని అడిగినా ఈ గదిలోవాళ్ళే. ఒక్కడే పరుగెత్తి మొదటివాడిగా వచ్చినట్టు సారు ఆ దారిలో చాలా బహుమతులు తెచ్చుకున్నాడు.

చీటీలు తియ్యడం కంప్యూటరుకు దానంతటదిగా రాదు. ముందుగా ఒక సంఖ్య ఇవ్వాలి. దాన్ని విత్తనం అంటారు. విత్తనం నాటితే దాని నుంచి చీటీలు బారులు తీరి మొలుచుకొస్తాయి. ఏ సంఖ్య అయినా వెయ్యొచ్చు. ఆ గదిలో మాత్రం ఒకటే విత్తనం, సారు పుట్టిన తేదీ. కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు అందరి ఎదుటా కూర్చుని ఆ తేదీని తమ చేత్తో కొట్టాలి. మిగిలినవాళ్ళు చప్పట్లు కొడతారు. టీ వస్తుంది. ఇందులో దాపరికమేమీ లేదు. జూన్ ఒకటి, కింద సంవత్సరం, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. లెక్క ప్రతి దఫా మొదలయ్యేటప్పుడు కంప్యూటరు బుద్ధిగా వెనక్కి వెళ్ళి ఆ తేదీ దగ్గరనుంచే అందుకుంటుంది.

ఒక దఫా అంటే కొన్ని వేల దొంతరలు కట్టి, నీళ్ళు పోసి, సగటు తియ్యడం. నాలుగో అంకె ఆయన కొన్ని దఫాలు చేశాడు. ఐదో అంకె ఆవిడ దానికి వందరెట్లు చేసింది. సగటు వెంట్రుకవాసి కదలలేదు. ఇన్నిసార్లు చేసినా కదలలేదంటే మరో అంకె ఖాయమైనట్టే అన్నాడు సారు. డాక్టరేటు పట్టా ఇచ్చారు. ఆరుగారు మళ్ళీ దానికి వందరెట్లు చేశాడు. కదలలేదు. పట్టా ఇచ్చారు. ఈమె చేరేనాటికి మిషన్లు పెరిగాయి, ఏసీలు పెరిగాయి, బకెట్లు పెరిగాయి. ఏళ్ళ తరబడి దఫా మీద దఫా నడిపింది. సున్నా పాయింట్ రెండు ఎనిమిది ఏడు నాలుగు ఒకటి ఆరు మూడు. ఎప్పుడు చూసినా అదే. ఆ చివరి మూడు ఈమెది.

నిజానికి ఆరుగారికి ముందు ఇంకో ఆరు ఉండేవాడు. అతనికేం తిక్క పుట్టిందో, విత్తనం దగ్గర వాళ్ళమ్మ పుట్టిన తేదీ కొట్టాడు. అంకె తేడాగా వచ్చింది. శ్రద్ధ లేదన్నారు, క్రమశిక్షణ లేదన్నారు, చివరికి గదిలోంచే సాగనంపారు. ఇప్పుడతను ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతున్నాడు. "చదివిన చదువు వృథా పోలేదులెండి" అని ఆరుగారు అప్పుడప్పుడూ తలుచుకుని నవ్వుతుంటాడు.

సారు అరవయ్యో పుట్టినరోజు సభ, ఈమె పట్టా పరీక్ష ఒకేరోజు, ఒకే వేదిక మీద పెట్టారు. పరీక్ష చెయ్యడానికి బయటి ఊరినుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఎటూ వస్తున్నాడు కాబట్టి సభకూ ఆయనే ముఖ్య అతిథి. ఏడో అంకె ఖాయమని ఆయన సంతకం పెడితే ఈమెకు పట్టా, పట్టాతోపాటు అదే శాఖలో ఉద్యోగం. పెట్టకపోతే, ముప్పై దాటిన వయసులో చేతులూపుకుంటూ ఇంటికి.

ఇంట్లో అత్తగారు రోజూ గుమ్మంలోనే అందుకునేది.

"ఆ అంకె ఇంకా తెగలేదా అమ్మా?"

"అయిపోయింది అత్తయ్యా. పరీక్ష ఒక్కటే."

"పక్కింటి కోడలు ఈలోగా ఇద్దర్ని కని బడికి కూడా పంపింది. నీ తరువాత ఎనిమిది రాదా?"

"వస్తుంది. అది ఇంకొకళ్ళు చేస్తారు."

"ఏడు కూడా వాళ్ళకే అంటగట్టాల్సింది."

సభ దగ్గరపడ్డాక సారు అక్కగారు దిగింది. సారు ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఆ వాసనకు తల తిరుగుతోందని ఆవిడ పొద్దున్నే తమ్ముడి వెంట గదికి వచ్చి, ఏసీ బకెట్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. నొప్పి పెట్టే మోకాళ్ళ మీద చేతులు, ముక్కు చివర కళ్ళజోడు, కంటికి కనబడినదాన్నల్లా అడిగే అలవాటు.

ఆ రోజు సారు సభ కోసం కుట్టిస్తున్న కోటు కొలత చూసుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్ళాడు. అక్కగారికి తోచలేదు.

"ఏడమ్మా, మీరంతా ఇక్కడ ఏం చేస్తుంటారు?"

ఆమె గూళ్ళు, మట్టి, నీళ్ళు అన్నీ ఓపిగ్గా చెప్పింది.

"అంటే మావాడు ఇన్నేళ్ళూ నీళ్ళు కిందికి దిగుతాయా లేదా అనే చూస్తున్నాడా?"

"అవునండీ."

"దిగాయా?"

"దిగుతాయండీ. సరిగ్గా ఎప్పుడు దిగుతాయన్నదే..."

"వానాకాలం మా ఇంటికి రా. వంటింట్లో నిలబెట్టి చూపిస్తాను." కళ్ళజోడు సర్దుకుని గోడవైపు చూసింది. "అదేంటి, ఆ తేదీ?"

"సారు పుట్టిన తేదీ అండీ. మా విత్తనం."

"వాడు పుట్టింది ఆ రోజు కాదే."

పక్క బల్ల దగ్గర ఆరుగారి చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

"జూన్ ఒకటి బడి తెరిచిన రోజు" అంది అక్కగారు. "మా నాన్న వీణ్ణి చంకనేసుకుని వెళ్ళాడు. వయసు చాలలేదు, వచ్చే ఏడు తీసుకురా అన్నాడు హెడ్మాస్టరు. ఇంట్లో వీడి అల్లరి పడలేక తీసుకెళితే వచ్చే ఏడంటే ఎలా? మా నాన్న కదల్లేదు. చివరికి హెడ్మాస్టరే విసుక్కుని, ఆ రోజు తేదీ వేసి, సంవత్సరం సరిపడా వెనక్కి జరిపాడు. వీడొక్కడికే కాదు, ఆ రోజు చేరిన పిల్లలందరికీ అదే. బెంచీ మొత్తానికి ఒకటే పుట్టినరోజు. కాయితాలు చూస్తే అందరూ ఒకే తల్లి కడుపున ఒకే పూట పుట్టారనుకోవాలి."

"మరి సారు నిజంగా పుట్టింది?"

"డిసెంబరు ఆఖరి రోజు. కొత్త కేలండరు తగిలిద్దామని నాన్న గోడకి మేకు కొడుతున్నాడు, లోపల వీడు కేర్‌మన్నాడు. సుత్తి నాన్న వేలి మీద పడింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నేనెలా మర్చిపోతాను?"

ఆరుగారు కప్పు బల్ల మీద పెట్టి లేచాడు. ఆయన మొహం చూస్తే ఇంతకాలం తప్పుడు చిరునామాకు ఉత్తరాలు రాసినవాడిలా ఉంది.

"ఎంత పొరపాటు చేశాం" అన్నాడు. "ఏడూ, సభలో సారుకి కానుక ఇద్దాం. అసలు తేదీతో లెక్క కడదాం. మీ అసలు తేదీ వేసినా ప్రకృతి అదే అంకె చెప్పింది సారూ అని నేను మైకులో చెప్తాను."

"నేను చేస్తాను, మీరు చెప్తారు. అంతేనా?"

"ఇద్దరం అనుకో. చెప్పేది నేను."

లక్షల దఫాలకు వ్యవధి లేదు. ఒక్క దఫా చాలన్నాడు. ఒక్క దఫాకు టీ చల్లారేంత సేపు పడుతుంది. ఆమె జూన్ ఒకటి తీసేసి డిసెంబరు ముప్పై ఒకటి కొట్టింది. అక్కగారు కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. సంఖ్య వచ్చింది.

రెండు ఎనిమిది ఏడు. అక్కడిదాకా బాగానే ఉంది. నాలుగు ఉండాల్సిన చోట ఒకటి ఉంది. తరువాతివైతే ఎవరివో తెలియదు.

ఆరుగారు తెరను వేలితో తుడిచాడు. పోలేదు. అక్కగారివైపు తిరిగాడు.

"అక్కగారూ, మీరు తేదీ సరిగ్గానే చెప్పారా?"

"ఏం బాబూ?"

"సరైన తేదీ అయితే సరైన అంకె రావాలి కదండీ. అర్ధరాత్రి దాటాక పుట్టారేమో. అప్పుడు జనవరి ఒకటి అవుతుంది."

"ఎండ నడినెత్తిన ఉంది నాయనా. మేకు కొట్టాడని చెప్పానా?"

"దేనికైనా మంచిది, చూద్దాం" అని జనవరి ఒకటి కొట్టించాడు. నాలుగో చోట ఆరు వచ్చింది. తన అంకె అక్కడ కనబడినందుకు ఒక్క క్షణం సంతోషించి, మళ్ళీ తేరుకున్నాడు.

"పోనీ ముందురోజు?"

"ముందురోజు కడుపులో ఉన్నాడు."

ముందురోజు కూడా కొట్టారు. మూడు వచ్చింది. ఆరుగారు చొక్కా చేతులు పైకి మడిచాడు. మంత్రసాని వచ్చిన వేళ అడిగాడు, గడియారం ఉందా అని అడిగాడు, ఆ ఏడు కేలండరు తప్పుగా అచ్చయిందేమో అని అడిగాడు.

"మా తమ్ముడెప్పుడు పుట్టాడో నీ మిషన్ని అడుగుతున్నావా, నన్నడుగుతున్నావా?" అంది అక్కగారు.

"మిషను అబద్ధం చెప్పదండీ."

"నేను చెప్తానా అయితే?"

వాళ్ళ వాదన అలా నడుస్తుండగా ఆమె తెర ముందునుంచి కదలలేదు. ఒకే బెంచీ మీద వరసగా కూర్చున్న పిల్లలు, అందరికీ ఒకటే పుట్టినరోజు, ఆ మాట చెవిలో ముల్లులా దిగి ఉంది. మెల్లిగా జూన్ ఒకటి మళ్ళీ కొట్టింది. ఒక్క దఫా. టీ చల్లారింది.

రెండు ఎనిమిది ఏడు నాలుగు ఒకటి ఆరు మూడు.

ఏడు అంకెలూ వచ్చాయి, చివరి మూడుతో సహా. ఏళ్ళ తరబడి తను తెల్లవార్లూ మిషన్లు నడిపి తేల్చిన ఏడో అంకె, ఒక కప్పు టీ చల్లారేలోపు, ఒక్క దఫాలో వచ్చి కూర్చుంది. రెండో దఫాలో కూడా అదే వస్తుంది. లక్షో దఫాలోనూ అదే వస్తుంది. రాక ఏం చేస్తుంది? ప్రతి దఫా అదే విత్తనం, అవే చీటీలు, అవే గూళ్ళు, అవే నీళ్ళు. సగటు కదలకపోవడానికి కారణం ప్రకృతి కాదు. లక్ష దఫాలు లేవు. ఒక్కటే ఉంది. దాన్నే లక్షసార్లు చూశారు.

సారు దర్జీ దగ్గరనుంచి కోటు తొడుక్కునే వచ్చాడు. ఒక చెయ్యి కుట్టారు, రెండో చెయ్యి ఇంకా కుట్టలేదు. ఒంటినిండా సుద్దగీతలు, మెడ దగ్గర గుండుసూదులు. అక్కకి చూపించడానికి వచ్చినవాడిని ఆమె పక్క గదిలోకి తీసుకెళ్ళి విషయమంతా చెప్పింది. సారు సూదులు గుచ్చుకోకుండా మెడ నిటారుగా పెట్టుకుని విన్నాడు. ఆశ్చర్యపోతాడనుకుంది. పోలేదు.

"అతనూ ఇదే చెప్పాడు" అన్నాడు.

"ఎవరు సారూ?"

"ఫిల్టర్లు."

ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"తేదీ తప్పని నాకు తెలియదా? అసలు తేదీ వెయ్యండి, ఇంకొంతకాలం ఉద్యోగం చేస్తాను అని ఆఫీసు చుట్టూ తిరిగాను. బడి కాయితంలో ఉన్నదే నిజం అన్నారు. మంచిది. అదే నిజమైతే ఇక్కడా అదే నిజం."

"తేదీ గొడవ కాదు సారూ. ఏ తేదీ వేసినా మూడో అంకె దాకే నిలుస్తోంది. నాలుగో దగ్గరనుంచీ ఊగుతోంది."

"ఊగితే?" సారు కుట్టని భుజం గోక్కున్నాడు. "నాలుగునీ ఐదునీ పిలిచి పట్టాలు వెనక్కి తెమ్మందామా? ఆరుని చూడు, వాడికి ఇంకే పనీ రాదు. ఆ అంకె కూడా లాక్కుంటే వాడేమవుతాడు? ఇన్నేళ్ళలో బయటివాళ్ళు ఒక్కరైనా ఈ మాట అడిగారా? రేపూ అడగరు. అడిగితే చెప్పు, అడక్కపోతే కూర్చో. ఏడో అంకె నీది. ఉంచుకుంటావో పారేసుకుంటావో నీ ఇష్టం."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వెనకవైపు ఎత్తుగా ఉందా, ఏడూ? దర్జీ లేదంటున్నాడు."

"ఉంది సారూ."

ఆ సాయంత్రం ఆమె అత్తగారికి చెప్పేసింది. ఇంకెవరికి చెప్పాలో తెలియక చెప్పింది.

"అంటే ఒకే గిన్నె ఇన్నేళ్ళూ తోమావా?"

"ఆఁ."

"తళతళలాడుతుండాలే ఈపాటికి." అత్తగారు కంచం పెట్టింది. "ఉద్యోగం పోతుందా?"

"చెప్తే పోతుంది."

"చెప్పకపోతే?"

"రోజూ అక్కడికే వెళ్ళి కూర్చోవాలి. ఎనిమిదో అంకె చేయించాలి."

అత్తగారు కోడలి కంచంలో రోజూకంటే కాస్త ఎక్కువ వడ్డించింది. మొన్నటిదాకా పక్కింటి కోడలి కబుర్లతో అరిగిపోయిన నోరు ఆ పూట ఎందుకో అటు పోలేదు.

సభాస్థలి పూలతో నిండిపోయింది. వేదిక వెనక గోడకు ఏడు అంకెలనూ థర్మోకోల్‌తో కోసి వెండిరంగు పూసి అంటించారు. బీమా ఆఫీసు నుంచి నాలుగో అంకె, బట్టలకొట్టు నుంచి ఐదో అంకె వచ్చారు. ఆరుగారు అందరినీ ఎవరి అంకె కింద వాళ్ళను నిలబెట్టి ఫోటో తీయించాడు. మొదటి మూడు అంకెల కిందా సారు ఒక్కడే చేతులు బారచాపి నిలబడ్డాడు. కోటు వెనకవైపు ఇంకా ఎత్తుగానే ఉంది. ఫోటో అవుతుండగా నాలుగు ఊడి ఒక పక్కకు వేలాడింది. ఆరుగారు కుర్చీ ఎక్కి అరచేత్తో అదిమి మళ్ళీ అంటించాడు.

పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దాయన నిదానస్తుడు. ప్రయాణం బడలిక, పైగా మెత్తటి సోఫా. కళ్ళు మూసుకునే అడిగాడు.

"చూడమ్మా, మీ అంకె ఎంతవరకు ఖాయం అంటారు?"

ఎవరూ అడగని ప్రశ్నేమీ కాదు. ఎవరిని అడిగినా ఏడో అంకె దాకా అని చెప్పి కూర్చునే ప్రశ్న. ఆమె సారువైపు చూసింది. సారు కోటు గుండీ తిప్పుకుంటున్నాడు. ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"మూడో అంకె దాకా ఖాయం అండీ. ఆ తరువాతవి ఖాయం కాదు. అన్ని దఫాలకూ మేము ఒకటే విత్తనం వేశాం. అంటే లక్షల దఫాలు చెయ్యలేదు. ఒక్క దఫానే లక్షలసార్లు చేశాం. నేను చేసింది కూడా అంతే."

ముందువరసలో నాలుగో అంకె తన బూట్లవైపు చూసుకున్నాడు. ఐదో అంకె చేతిసంచీలో ఏదో పోయినట్టు వెతకసాగింది. వాళ్ళకు అర్థమైంది. అర్థమైనవాళ్ళే ముందుగా పూడిపోయారు.

పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"లక్షలసార్లు చేసినా తేడా రాలేదా?"

"తేడా ఎలా వస్తుందండీ? చేసిందే చేస్తే..."

"రాలేదు కదా?"

"రాలేదండీ."

పెద్దాయన సభవైపు తిరిగాడు. "విన్నారా? లక్షలసార్లు. ఈ రోజుల్లో రెండుసార్లు చేస్తే రెండు రకాలుగా వస్తోంది. ఇదీ శిక్షణ అంటే."

మైకు సరిగ్గా వినబడని వెనకవరసల్లోనే ముందుగా చప్పట్లు మొదలయ్యాయి. అక్కడినుంచి ముందుకు పాకాయి. సారు లేచి నిలబడ్డాడు.

"మా గదిలో అంకెలకంటే ముందు వినయం నేర్పుతాను" అన్నాడు. "ఏడో అంకె తేల్చి కూడా మూడే అంటోంది చూడండి, అదీ."

ఆమె మళ్ళీ ఏదో అనబోయింది. మైకు ఆరుగారి చేతిలోకి వెళ్ళిపోయింది. తను ఇన్నేళ్ళూ తెర మీద చూసినదే ఇప్పుడు హాలులో చూసింది. మాట పైనుంచి పడింది, ఒక వరస దిగింది, అటూ ఇటూ దారి వెతుక్కుంది, ఎటు తిరిగినా పూడిన గూళ్ళే తగిలాయి. ఎక్కడో సోఫాల మధ్య చిక్కుకుని నిలిచిపోయింది. ఇంకా ఎంతమంది తెరిచి ఉండాల్సిందో లెక్క కట్టే ఓపిక ఆమెకు లేకపోయింది.

కేకు కొయ్యకముందే పెద్దాయన సంతకం పెట్టేశాడు. బయట అక్కగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"తేదీ సంగతి ఎత్తుతావేమోనని హడలిపోయాను తల్లీ. ఎత్తలేదు. మావాడి పరువు నిలబెట్టావు."

ఆమె అక్కగారిని మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే ఉంది. "చెప్పావా?"

"చెప్పాను."

"పోయిందా?"

"ఇచ్చారు."

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "అదేం ఉద్యోగమమ్మా, నిజం చెప్పినా పోదు."

ఉద్యోగంలో చేరిన పొద్దున్న సారు ఆమెను పిలిచాడు. ఈసారి ఏడూ అనలేదు, మేడమ్ అన్నాడు. ఎనిమిదో అంకె కోసం ఒక అమ్మాయి వచ్చిందని, విత్తనం కొట్టించే పని ఇకనుంచి ఆమెదేనని చెప్పాడు. చెప్పేటప్పుడు కళ్ళలోకి చూడలేదు. గదిలో అందరూ చప్పట్లకు సిద్ధంగా నిలబడ్డారు. టీ కప్పులు వచ్చేశాయి. కొత్తమ్మాయి గోడవైపు ఒకసారి, మీటలవైపు ఒకసారి చూసుకుంటూ వేళ్ళు ఆనించి కూర్చుంది.

"ఆగు" అంది ఆమె. "మీ ఇంట్లో ఎంతమంది?"

"అయిదుగురం మేడమ్."

"అయిదుగురి పుట్టిన తేదీలూ కొట్టు. ఒక్కో దఫాకు ఒక్కొక్కటి. మా అత్తగారిది కూడా ఇస్తాను. ఆవిడకి సరిగ్గా తెలియదు. పరవాలేదు, దీనికి సరిగ్గా తెలియాల్సిన పనిలేదు."

ఆరుగారి చేతులు చప్పట్లకు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. "అలా చేస్తే అంకె నిలవదు" అన్నాడు మెల్లిగా.

"నిలవదు ఆరుగారూ."

"మరి ఈ అమ్మాయి ఎనిమిదో అంకె ఎలా తేలుస్తుంది?"

"ఎనిమిది కాదు. ఈ అమ్మాయి నాలుగు."

కొత్తమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. ఎనిమిది అని ఇంట్లో అప్పుడే చెప్పుకుని వచ్చినట్టుంది. సారు గుమ్మంలోంచే విన్నాడు. లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

ఆమె వరండాలోకి వచ్చి ఫోను తీసింది. అవతల ఎవరి ఇంట్లోనో కుళాయి శబ్దం, స్పానరు గీసుకుంటున్న చప్పుడు.

"నీళ్ళ ఫిల్టర్ల ఆయనేనా అండీ?"

"అవునండీ. ఏ మోడలు కావాలి?"

"నేను ఏడో అంకెని."

కుళాయి శబ్దం ఆగింది.

"మీ అమ్మగారి పుట్టిన తేదీ కావాలి" అంది ఆమె.

"ఎందుకు?"

"విత్తనానికి."

అవతల స్పానరు కింద పెట్టిన చప్పుడయింది.

"మీ ఇంట్లో ఫిల్టరు ఉందా?" అన్నాడు చివరికి.

"లేదు. కొంటేనే చెప్తారా?"

"కొనకపోయినా చెప్తాను" అన్నాడు. "రాసుకోండి."